కరెంటు పోయినా జనరేటర్ పలకడం లేదా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

జనరేటర్ పని చేయడం లేదని మెకానిక్‌కు ఫోన్ చేస్తే ఆయన మొట్టమొదట అడిగేది ఒకటే: "సెల్ఫ్ తిరుగుతోందా, లేదా?" సెల్ఫ్ అంటే బ్యాటరీ బలంతో ఇంజిన్‌ను తిప్పి స్టార్ట్ చేసే మోటారు. ఆ ఒక్క జవాబుతో సగం అనుమానాలు తొలగిపోతాయి. సెల్ఫ్ తిరగకపోతే లోపం బ్యాటరీ వైపు. సెల్ఫ్ తిరిగినా ఇంజిన్ అందుకోకపోతే డీజిల్ వైపు. అందుకుని కాసేపటికి ఆగిపోతే ఆయిల్, కూలెంట్ వైపు. ఇంజిన్ చక్కగా నడుస్తున్నా ఇంట్లో లైటు వెలగకపోతే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్, ప్యానెల్ వైపు. ఈ నాలుగింటిలో మీ జనరేటర్ ఎక్కడ ఆగిందో తేల్చుకోనిదే స్పానర్ పట్టుకోవద్దు. బాగున్న ఇంజెక్టర్ విప్పించి, మంచి ఫిల్టర్ మార్పించి, చివరికి బ్యాటరీ టెర్మినల్ వదులుగా ఉందని తెలుసుకునే ఇళ్లు చాలా ఉన్నాయి.

ఇక్కడ చెప్పేది ఇండిపెండెంట్ ఇళ్లలో, చిన్న అపార్ట్‌మెంట్లలో కనిపించే 10 నుంచి 25 కేవీఏ (జనరేటర్ సామర్థ్యపు కొలత) డీజిల్ జనరేటర్ గురించి. శబ్దం బయటికి రాకుండా కానపీ అనే పెట్టెలో బిగించి, 12 వోల్టుల బ్యాటరీతో, కరెంటు పోగానే దానంతట అదే స్టార్ట్ అయ్యే ఏఎంఎఫ్ ప్యానెల్‌తో వచ్చేది.

ముట్టుకునే ముందు

ఏఎంఎఫ్ జనరేటర్‌తో ఉన్న అసలు ప్రమాదం అది ఎవరినీ అడగకుండా స్టార్ట్ కావడం. మీరు ఫ్యాన్ బెల్టు మీద చేయి పెట్టి చూస్తున్న క్షణంలోనే వీధిలో కరెంటు పోవచ్చు. అందుకే కానపీ తలుపు తీయగానే కంట్రోలర్‌ను (ప్యానెల్ మీద తెర, బటన్లు ఉండే భాగాన్ని) ఆఫ్‌లో పెట్టండి, ఎర్రటి ఎమర్జెన్సీ బటన్ నొక్కండి, చేయి లోపల పెట్టాల్సిన పని ఉంటే బ్యాటరీ నెగెటివ్ వైరు కూడా తీయండి. తీసేటప్పుడు నెగెటివ్ ముందు, బిగించేటప్పుడు నెగెటివ్ చివర.

పొగ విషయంలో ఏ మినహాయింపూ లేదు. ఇంజిన్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. సెల్లార్‌లో జనరేటర్ ఉంటే పొగ గొట్టం పూర్తిగా బయటికి, కిటికీలకు దూరంగా వెళ్లాలి. గొట్టం అతుకుల దగ్గర మసి చారలు కనిపిస్తే అక్కడ పొగ లీకవుతున్నట్టే. మిగతా లోపాల సంగతి తర్వాత, ముందు దాన్ని సరి చేయించండి.

మూడోది, ఏఎంఎఫ్ చెడిపోయిందని జనరేటర్ వైరును నేరుగా ఇంటి సాకెట్‌కో మెయిన్‌కో కలపడం. ఇది ప్రాణాలు తీసే పని. వీధి ట్రాన్స్‌ఫార్మర్ 11 కేవీని (11 వేల వోల్టులను) 433 వోల్టులకు దించుతుంది. మీ జనరేటర్ కరెంటు వెనక్కి ఎక్కితే అదే ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని మళ్లీ 11 కేవీగా పెంచి లైను మీదికి పంపుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు వేల స్తంభాలు నేలకూలాయి, చాలా ప్రాంతాలకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రోజుల్లోనే ఇళ్లలో జనరేటర్లు ఎక్కువగా నడుస్తాయి, అలాంటి రోజుల్లోనే లైన్‌మెన్ స్తంభాల మీద ఉంటారు. ప్యానెల్ చెడితే వీధి కరెంటు, జనరేటర్ కరెంటులలో ఒక్కదాన్నే ఇంటికి కలిపే, చేతితో తిప్పే చేంజోవర్ స్విచ్ పెట్టించుకోండి. అంతకు మించి దగ్గరి దారి వెతకవద్దు.

సెల్ఫ్ తిరగకపోతే

మొదట ఎమర్జెన్సీ బటన్ చూడండి. శుభ్రం చేసేవాళ్ల మోచేయి తగిలో, పిల్లలు ఆడుకుంటూ నొక్కో అది లోపలే ఉండిపోతుంది. కుడివైపు తిప్పితే బయటికి వస్తుంది. ఆ తర్వాత కంట్రోలర్‌లో అలారం రీసెట్ చేయాలి. చాలామంది ఈ రెండో పని మరిచిపోయి బటన్ కాదులే అనుకుంటారు. కంట్రోలర్ ఆటోలో ఉందా, తెర వెలుగుతోందా చూడండి. తెరే వెలగకపోతే బ్యాటరీ నుంచి ప్యానెల్‌కు వెళ్లే ఫ్యూజు మీద అనుమానం పెట్టుకోండి.

తర్వాత చెవి పని. స్టార్ట్ నొక్కినప్పుడు "టకటకటక" అని వరుసగా కొట్టుకుంటే బ్యాటరీలో బలం లేదు. ఒక్కసారి "టక్" మని ఆగిపోతే టెర్మినల్, కేబుల్, సెల్ఫ్ మోటారులలో ఒకటి. ఏ చప్పుడూ లేకపోతే ఆదేశమే సెల్ఫ్ దాకా చేరడం లేదు: ఫ్యూజు, రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్), లేదా సన్న వైరు. కానపీ లోపల వెచ్చగా, చీకటిగా ఉంటుంది కాబట్టి ఎలుకలు చేరతాయి. సెల్ఫ్ మోటారుకు వెళ్లే సన్నటి వైరును మొదటి నుంచి చివరి దాకా వేళ్లతో తడిమి చూడండి, కొరికిన చోటు చేతికి తెలిసిపోతుంది.

ఇక మల్టీమీటర్. ఇంట్లో జనరేటర్ ఉన్నవాళ్ల దగ్గర ఇది ఉండి తీరాలి. చార్జరు ఆపి, కొన్ని గంటలు ఊరకే ఉంచిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు వంతు. 12 కంటే దిగితే దాదాపు ఖాళీ. కానీ ఈ ఒక్క అంకె చూసి బ్యాటరీ మంచిదని తేల్చేయవద్దు. ముసలి బ్యాటరీ కూడా పని లేనప్పుడు 12.6 చూపించగలదు. ఒకరు స్టార్ట్ నొక్కుతుండగా మరొకరు మీటర్ చూడాలి. సెల్ఫ్ తిరిగేటప్పుడు వోల్టేజీ 9.5 కంటే కిందికి పడిపోతే, బాగా చార్జ్ చేసి మరోసారి చూడండి. అప్పుడూ అంతే అయితే కొత్తది కొనాల్సిందే.

స్టార్ట్ నొక్కినా వోల్టేజీ 12 దగ్గరే కదలకుండా నిలబడి, సెల్ఫ్ తిరగకపోతే బ్యాటరీది తప్పు కాదు. కరెంటు దారిలో ఎక్కడో ఆగుతోంది. మీటర్ ఒక పిన్నును బ్యాటరీ మీది సీసపు పోస్టుకు, రెండోదాన్ని దానికి బిగించిన వైరు క్లాంపుకు ఆనించి స్టార్ట్ నొక్కించండి. ఆ రెంటి మధ్య దాదాపు ఏమీ కనిపించకూడదు. అర వోల్టు దాటి చూపిస్తే ఆ అతుకే దొంగ. పైకి శుభ్రంగా కనిపించినా, క్లాంపు విప్పితే లోపలి గుండ్రంలో బూడిద రంగు పొర కట్టి ఉంటుంది. వేడి నీళ్లలో వంటసోడా కలిపి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఉప్పు కాగితంతో మెరిసేదాకా గీకండి. ఆ నీళ్లు బ్యాటరీ మూతల్లోకి పోకుండా చూసుకోండి. బిగించాక పైన వాజెలిన్ రాయండి. ఇంజిన్ బాడీకి వెళ్లే నెగెటివ్ కేబుల్ రెండో కొసను కూడా ఇలాగే చూడాలి. అది కింద, పెయింటు మీద బిగించి ఉంటుంది. తుప్పు మొదలయ్యేది అక్కడే.

ఏడాదికో బ్యాటరీ మార్చాల్సి వస్తుంటే లోపం బ్యాటరీలో లేదు, చార్జింగ్‌లో ఉంది. ఇంటి కరెంటు ఉన్నప్పుడు ప్యానెల్‌లోని చార్జరు బ్యాటరీని 13.2 నుంచి 13.8 వోల్టుల మధ్య నిలబెట్టాలి. ఇంజిన్ నడిచేటప్పుడు దాని సొంత డైనమో 13.8 నుంచి 14.4 ఇవ్వాలి. రెండు సమయాల్లోనూ 12.5 దగ్గరే ఉండిపోతే చార్జరు ఫ్యూజు, డైనమో బెల్టు చూడండి. కొత్త బ్యాటరీ ఖర్చుతో పోలిస్తే ఆ ఫ్యూజు ఖర్చు లెక్కలోకి రాదు.

సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవడం లేదు

ఒక్కోసారి పది సెకన్లకు మించి సెల్ఫ్ తిప్పవద్దు. మధ్యలో ఒక నిమిషం ఆగండి. ఆగకుండా తిప్పితే సెల్ఫ్ మోటారు కాలిపోతుంది, బ్యాటరీ కూడా దిగిపోతుంది. ఆటోలో ఉన్న కంట్రోలర్ సాధారణంగా మూడుసార్లు ప్రయత్నించి అలారం ఇచ్చి మానేస్తుంది. మళ్లీ మళ్లీ రీసెట్ చేసి తిప్పించడం వల్ల ఒరిగేదేమీ లేదు.

సెల్ఫ్ తిరుగుతుండగా పొగ గొట్టం వైపు చూడండి. తెల్లటి పొగ పలచగా వస్తుంటే డీజిల్ సిలిండర్లోకి చేరుతోంది, కానీ మండడం లేదు: గాలి ఫిల్టర్ మూసుకుపోయి ఉండవచ్చు, సెల్ఫ్ నెమ్మదిగా తిరుగుతూ ఉండవచ్చు, ఇంజిన్‌లో కంప్రెషన్ (సిలిండర్లో గాలిని నొక్కే బలం) తగ్గి ఉండవచ్చు. అసలు పొగే రాకపోతే డీజిల్ చేరడం లేదు. ఎక్కువ కేసులు ఈ రెండో రకమే.

ట్యాంకు మూత తీసి శుభ్రమైన పుల్ల ముంచి చూడండి, గేజీని నమ్మవద్దు. డీజిల్ పీల్చే గొట్టం ట్యాంకు అడుగు దాకా ఉండదు కాబట్టి చివరి కొన్ని లీటర్లు ఇంజిన్‌కు అందవు. ట్యాంకు కింద కాక్ ఉంటే అది తెరిచే ఉందా చూడండి. తర్వాత, కరెంటుతో డీజిల్ దారిని తెరిచి మూసే సొలినాయిడ్ మీద చేయి ఉంచి స్టార్ట్ ఇప్పించండి. బెల్టు, ఫ్యాన్ వైపు చేయి, బట్టలు వెళ్లకుండా జాగ్రత్త. లోపల చిన్న కుదుపు తెలియాలి. తెలియకపోతే దాని వైరులో కరెంటు వస్తోందేమో మీటర్‌తో చూడండి. వస్తుంటే సొలినాయిడ్ పోయింది, రాకపోతే రిలేనో ఫ్యూజో.

నీళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చల్లబడినప్పుడు గాలిలోని తేమ నీరై గోడలకు పట్టి అడుక్కు దిగుతుంది. సముద్ర తీరపు ఊళ్లలో ఇది మరీ ఎక్కువ. డీజిల్ నుంచి నీళ్లను వేరు చేసే వాటర్ సెపరేటర్ కింది స్క్రూ వదులు చేసి, పారదర్శకమైన గాజు సీసాలోకి కొంచెం డీజిల్ దింపి ఐదు నిమిషాలు కదపకుండా ఉంచండి. నీళ్లుంటే అడుగున విడిగా, గీత గీసినట్టు తేలిపోతాయి. నీళ్లూ డీజిల్ కలిసే ఆ గీత దగ్గరే సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు తయారవుతుంది. సీసాలో ఆ జిగురు కనిపిస్తే ఫిల్టర్ మార్చినంత మాత్రాన సరిపోదు. ట్యాంకు దింపి కడిగించాలి. ట్యాంకును ఎప్పుడూ నిండుగా ఉంచితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

డీజిల్ పూర్తిగా అయిపోయి మళ్లీ పోసినా, ఫిల్టర్ మార్చినా, పైపులోకి గాలి చేరి ఎయిర్ లాక్ అవుతుంది, అంటే ఆ గాలి డీజిల్‌ను ముందుకు పోనివ్వదు. పాత తరహా మెకానికల్ పంపు ఉన్న ఇంజిన్లలో దీన్ని మీరే తీయవచ్చు:

1. ట్యాంకు నింపండి, కాక్ తెరవండి. ఫిల్టర్ కింద గుడ్డ, చిన్న గిన్నె పెట్టండి. చుట్టుపక్కల నిప్పు, సిగరెట్ ఉండకూడదు.
2. ఫిల్టర్ నెత్తి మీది గాలి స్క్రూను ఒక చుట్టు వదులు చేయండి. విప్పి బయటికి తీయవద్దు.
3. ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు మీది చేతి మీటను కొడుతూ ఉండండి. మొదట ఏమీ రాదు, తర్వాత నురగ వస్తుంది, ఆ తర్వాత బుడగలతో డీజిల్ వస్తుంది. బుడగ లేకుండా నిండు ధారగా వచ్చేదాకా ఆపవద్దు. ధార వస్తుండగానే స్క్రూ బిగించండి. పంపు ఆపి బిగిస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది.
4. ఇంజెక్షన్ పంపు మీది స్క్రూ దగ్గర ఇదే పని మళ్లీ చేయండి.
5. గుడ్డతో తుడిచి, పది సెకన్లు సెల్ఫ్ తిప్పండి. అందుకోకపోతే రెండో దశ నుంచి మరోసారి మొదలుపెట్టండి.

ఎంత కొట్టినా బుడగలు ఆగకపోతే ట్యాంకుకూ పంపుకూ మధ్య ఎక్కడో పైపు గాలి పీలుస్తోంది. ఎండిన రబ్బరు పైపు, సరిగా కూర్చోని ఫిల్టర్ వాషరు అక్కడ ముఖ్య అనుమానితులు.

ఒక హెచ్చరిక. 2023 జూలై 1 నుంచి అమలైన సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) 4 ప్లస్ కాలుష్య నిబంధనల తర్వాత వచ్చిన జనరేటర్లలో కొన్నిటికి, డీజిల్‌ను ఒకే గొట్టంలో భారీ ఒత్తిడితో నిలిపి ఇంజెక్టర్లకు పంపే ఎలక్ట్రానిక్ కామన్ రైల్ వ్యవస్థ ఉంటుంది. అందులో డీజిల్ ఒత్తిడి వెయ్యి బార్ దాటుతుంది. ఆ పైపుల నట్టు వదులు చేస్తే చిమ్మే ధార చర్మాన్ని చీల్చుకుని ఒంట్లోకి పోతుంది. మీది అలాంటిదైతే సెపరేటర్‌లో నీళ్లు దించడం వరకే మీ పని.

అందుకుని ఆగిపోతుంటే

ఎంతసేపటికి ఆగిందన్నదే ఇక్కడ ఆధారం.

పది, ఇరవై సెకన్లకే ఆగితే ఆయిల్ ఒత్తిడి. ఇంజిన్ ఆగిన పది నిమిషాలకు డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్లీ ముంచి చూడండి. రెండు గీతల మధ్య లేకపోతే సరైన గ్రేడు ఆయిల్ పోయండి. మట్టం సరిగ్గానే ఉంటే, ఆయిల్ ఒత్తిడి తగ్గితే ఇంజిన్‌ను ఆపించే స్విచ్ వైరో, ఆ స్విచ్చో, నిజంగానే ఒత్తిడి లేకపోవడమో కావచ్చు. ఇది మెకానిక్ గేజీ పెట్టి చూడాల్సిన విషయం. అలారం వేధిస్తోందని ఆ స్విచ్ వైరు తీసి పక్కన పెట్టేవాళ్లు ఉన్నారు. దయచేసి ఎవరినీ ఆ పని చేయనివ్వకండి. అది అడ్డు లేకపోతే ఆయిల్ లేని ఇంజిన్ నిమిషాల్లో పట్టేస్తుంది. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే కూలెంట్ కలిసింది, మట్టం పెరిగి డీజిల్ వాసన వస్తే డీజిల్ కలిసింది. రెండు సందర్భాల్లోనూ ఇక స్టార్ట్ చేయవద్దు.

పావుగంట, ఇరవై నిమిషాలకు ఆగితే వేడి. ఇంజిన్ చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. మరిగే కూలెంట్ ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. చల్లారాక మట్టం, బెల్టు బిగువు, రేడియేటర్ రెక్కల్లో దుమ్ము చూడండి. కానపీ గాలి రంధ్రాల ఎదుట స్కూటర్ నిలిపినా, వాన పడకుండా టార్పాలిన్ కప్పినా ఇంజిన్ ఊపిరాడక ఆగిపోతుంది.

వేగం కొద్దికొద్దిగా తగ్గుతూ నీరసించి ఆగితే డీజిల్ ఫిల్టర్ మూసుకుపోయింది, లేదా ట్యాంకు మూతలోని గాలి రంధ్రం పూడుకుపోయింది. మూత తిప్పగానే "స్‌స్" మని గాలి లోపలికి పీల్చుకుని, ఆ తర్వాత ఇంజిన్ బాగా నడిస్తే కారణం దొరికినట్టే.

ఇంజిన్ నడుస్తోంది, కరెంటు రావడం లేదు

ఇక్కడి నుంచి ప్రాణం మీదికొచ్చే వోల్టేజీ. మీటర్ పట్టడం అలవాటు లేకపోతే కానపీ మీది వోల్టుమీటర్ చూసి ఎలక్ట్రీషియన్‌కు చెప్పడమే మీ వంతు.

ముందు జనరేటర్ మీది ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతట అదే పడిపోయే స్విచ్) పడిపోయిందేమో చూడండి. వోల్టుమీటర్ 230 చూపిస్తూ, ఎంసీబీ ఆన్‌లో ఉండి, ఇంటికి రాకపోతే లోపం ఏఎంఎఫ్ ప్యానెల్‌లో జనరేటర్‌ను ఇంటికి కలిపే కాంటాక్టర్‌దో చేంజోవర్‌దో. వోల్టుమీటరే పడిపోయి ఉంటే ఫ్రీక్వెన్సీ చూడండి. నాలుగు పోల్‌ల (అయస్కాంత ధ్రువాల) ఆల్టర్నేటర్ నిమిషానికి 1500 చుట్లు తిరిగితేనే 50 హెర్ట్‌జ్ వస్తుంది. ఫ్రీక్వెన్సీ కూడా తగ్గి ఉంటే ఇంజిన్ వేగమే లేదు: డీజిల్ ఫిల్టర్, లేదా వేగాన్ని నిలకడగా ఉంచే గవర్నర్. ఫ్రీక్వెన్సీ బాగుండి వోల్టేజీ మాత్రం లేకపోతే అప్పుడు వోల్టేజీని నిలకడగా ఉంచే ఏవీఆర్‌ను అనుమానించాలి. ఈ వరస తెలియకనే బాగున్న ఏవీఆర్‌లు మార్చేస్తుంటారు. నెలల తరబడి నడపని ఆల్టర్నేటర్‌లో మిగిలి ఉండాల్సిన అయస్కాంతత్వం పోయి, వోల్టేజీ అసలు పుట్టకపోవడమూ జరుగుతుంది. దాన్ని బ్యాటరీతో మళ్లీ పుట్టించవచ్చు కానీ పొరపాటున ఏవీఆర్ కాలే పని, తెలిసినవాళ్లే చేయాలి.

మూడు ఫేజుల జనరేటర్ ఉన్న ఇంట్లో కొన్ని బల్బులు మసకగా, కొన్ని మరీ ప్రకాశంగా వెలుగుతుంటే ఒక్క క్షణం ఆలోచించకుండా ఆపేయండి. న్యూట్రల్ వదులైంది. ఒక ఫేజులో 300 వోల్టులు దాటవచ్చు. టీవీ, ఫ్రిజ్, చార్జర్లు వరుసగా పోతాయి.

ఎంసీబీ పదే పదే పడుతుంటే లెక్క వేయండి. 10 కేవీఏ అంటే 8 కిలోవాట్లు, సింగిల్ ఫేజులో సుమారు 43 ఆంపియర్లు. 15 కేవీఏ మూడు ఫేజులదైతే ఒక్కో ఫేజుకు 21 ఆంపియర్లే. రెండు ఏసీలూ, గీజరూ ఒకే ఫేజు మీద పడితే మిగతా రెండు ఫేజులు ఖాళీగా ఉన్నా అది తట్టుకోలేదు. బోరు మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలుగా తీసుకునే దానికి ఐదారు రెట్లు లాగుతుంది. దాన్ని ముందు వేసి, నిలదొక్కుకున్నాక ఏసీలు వేయండి.

ఇంట్లో లైట్లు వెలుగుతూనే ఉన్నా జనరేటర్ స్టార్ట్ అయిందంటే అది పాడైనట్టు కాదు. బయటి నుంచి ఒక ఫేజు రావడం లేదు, లేదా వోల్టేజీ కంట్రోలర్‌లో పెట్టిన హద్దు కంటే తగ్గింది. విద్యుత్ శాఖకు ఫిర్యాదు చేయండి, కంట్రోలర్ సెట్టింగులు మార్చవద్దు.

నడపకపోవడమే పెద్ద జబ్బు

పైన చెప్పిన వాటిలో చాలా లోపాలు జనరేటర్‌ను నెలల తరబడి నిలిపి ఉంచడం వల్లే పుడతాయి. పదిహేను రోజులకోసారి అరగంట నడపండి. ఖాళీగా కాదు, సామర్థ్యంలో కనీసం మూడో వంతు లోడు వేసి. లోడు లేకుండా నడిపితే డీజిల్ పూర్తిగా మండక పొగ గొట్టంలో నల్లటి జిడ్డుగా పేరుకుంటుంది. స్టార్ట్ బటన్ నొక్కే బదులు మెయిన్ ఆపి నడిపిస్తే ఏఎంఎఫ్ పనితీరు కూడా తెలిసిపోతుంది. సర్వీసుకు గంటల లెక్క పూర్తి కాకపోయినా ఏడాదికోసారి ఆయిల్, ఫిల్టర్లు మార్చాల్సిందే.

వరద నీటిలో మునిగితే

2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో సెల్లార్లు నీటితో నిండిపోయాయి. అలా మునిగిన జనరేటర్‌ను నీళ్లు తీయగానే ఒకసారి తిప్పి చూద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. తిప్పవద్దు. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ వాటిని అణచలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అప్పటిదాకా శుభ్రం చేస్తే బాగుపడే ఇంజిన్‌కు అక్కడితో పూర్తి మరమ్మతు ఖర్చు పడుతుంది.

మొదట ప్యానెల్‌కు వచ్చే మెయిన్ కరెంటు ఆపించి, ఆ తర్వాత బ్యాటరీ వైర్లు తీయండి. మంచి నీళ్లతో బురద కడిగించండి. ఇంజిన్ ఆయిల్, డీజిల్, ఫిల్టర్లన్నీ తీసేయాలి. ఇంజెక్టర్లు విప్పి, ఇంజిన్‌ను చేతితో తిప్పి సిలిండర్లలోని నీళ్లు బయటికి పంపాలి. ఇది మెకానిక్ చేతిలో జరగాలి, అదీ తుప్పు పట్టకముందే, ఒకటి రెండు రోజుల్లోనే. ఆల్టర్నేటర్ వైండింగ్‌ను వేడి గాలితో ఆరబెట్టి, ఏవీఆర్ వైర్లు విడదీసి, ఇన్సులేషన్ బలాన్ని చూపే మెగ్గర్‌తో కొలవాలి. ఒక మెగాఓమ్ కంటే తక్కువ వస్తే ఇంకా ఆరబెట్టాలి. ఆ తర్వాత కొత్త ఆయిల్‌తో లోడు లేకుండా కాసేపు నడిపి, అది వేడిగా ఉండగానే తీసేసి మళ్లీ కొత్త ఆయిల్ పోయాలి. మొదటిసారి పోసిన ఆయిల్‌లో లోపల మిగిలిన తేమంతా చేరి ఉంటుంది.